కీ రాకముందు కీచులాట

పరీక్ష రాసి బయటికొచ్చినవాడికి ముందు ఆకలెయ్యాలి. మా భిలాయి క్యాంప్ 1 పిల్లలకి అనుమానమేస్తుంది. జేఈఈ మెయిన్ రాసొచ్చిన మా అన్నయ్య కొడుకూ, వాడి జతగాళ్లు ముగ్గురూ చెప్పులైనా విడవకుండా మా అరుగెక్కి ఒకే లెక్క మీద పడ్డారు. ఒకడికి 4 వచ్చింది. ఇంకొకడికి 16. మూడోవాడికి రూట్‌లో ఏదో. నాలుగోవాడు మాట్లాడలేదు, వాడు కోచింగులో ఫస్టు. అందరూ వాడి నోటికేసే చూస్తున్నారు. "పదహారే కదా" అన్నాడు వాడు తాపీగా. అంతే, 4 వాడి మొహం మాడిపోయింది. రూట్ వాడు తనదాన్ని కూడా సింప్లిఫై చేస్తే పదహారే అవుతుందని వాదన ఎత్తుకున్నాడు. లెక్క మాత్రం ఎవడూ మళ్లీ చెయ్యలేదు.

మేం భోపాల్ వ్యాపం వాళ్ల ఇంజినీరింగ్ ఎంట్రన్సు పీఈటీ రాసిన రోజుల్లో (అప్పటికి భిలాయి మధ్యప్రదేశ్‌లోనే ఉంది) నీది బీయా, నాదీ బీయే అనుకుంటే ఓ ధైర్యం. ఇప్పుడంతా కంప్యూటరు. ఒకడికి ముందొచ్చిన ప్రశ్న ఇంకొకడికి వెనకెక్కడో. ఆప్షన్లూ తారుమారే. బి అన్నవాడూ డి అన్నవాడూ గొంతులు చించుకుని, తీరా చూస్తే ఇద్దరూ పెట్టింది ఒకే జవాబు! అంతకంటే ఘోరం, ఈ నలుగురిలో ఒకడు మధ్యాహ్నం షిఫ్టువాడు. వాడి పేపరే వేరు. ఆ సంగతి తేలేసరికి వాడు వీళ్ల పేపర్లో అప్పటికే రెండు తప్పులు చేసేసి ఉన్నాడు.

"మార్నింగ్ షిఫ్టు ఈజీ తాతయ్యా, సెకండ్ షిఫ్టే టఫ్" అని వాడు మొరపెట్టుకుంటే మా నాన్నగారు కళ్లజోడు సర్దుకున్నారు. శ్రీకాకుళం నుంచి వచ్చి స్టీల్ ప్లాంటు రైల్ మిల్లులో రిటైరైన మనిషి. "నైటు షిఫ్టు నేదేట్రా మీకు? అదృష్టవంతులు" అన్నారు. ఏ షిఫ్టువాళ్లని ఆ షిఫ్టువాళ్లతోనే పోల్చి మార్కుల్ని పర్సంటైల్‌గా మారుస్తారనీ, దాన్ని ఏడు దశాంశ స్థానాల దాకా ఇస్తారనీ మావాడు వివరించాడు. "రెండువందల అరవై మీటర్ల పట్టా పంపేటప్పుడు కూడా ఇంత సన్నంగా కొలవలేదు కదరా!" అని ఆయన ఆశ్చర్యపోయారు.

పిల్లల్నని ఏం లాభం? 2024 నీట్‌లో ఫిజిక్స్ ప్రశ్న ఒకటి పరమాణువుల మీద వచ్చింది. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం చదివినవాళ్లకి ఒక జవాబు, కొత్తది చదివినవాళ్లకి ఇంకో జవాబు. పరీక్ష పెట్టినవాళ్లు రెండిటికీ మార్కులిచ్చేశారు, పెళ్లిలో ఇరువైపులా తాంబూలం ఇచ్చినట్టు. గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోర్టు ఐఐటీ ఢిల్లీ నిపుణుల్ని అడిగితే, ఒక్కటే సరైనదని తేల్చారు. దాంతో 720కి 720 వచ్చినవాళ్లు 61 మంది నుంచి 17కి దిగిపోయారు. మా అరుగు మీద నలుగురు చేసే పనే అది. కాకపోతే వీళ్లకి న్యాయమూర్తి లేడు, కోచింగ్ ఫస్టు ఉన్నాడు.

ఇంతలో మార్కుల లెక్క మొదలైంది. ఒప్పుకి నాలుగు, తప్పుకి మైనస్ ఒకటి. పవర్‌హౌస్ దగ్గర ఆటో దిగినప్పుడు 210 అన్నవాడు టీ వచ్చేసరికి 170కి, టీ చల్లారేసరికి 140కి దిగాడు. ఇంకో కప్పు ఇస్తే మొత్తం పోగొట్టుకునేలా ఉన్నాడని మా వదిన గ్లాసులు పట్టుకుపోయింది.

కొన్నాళ్లకి ప్రొవిజనల్ కీ వచ్చింది. అందులో ఎ, బి, సి, డిలు ఉండవు, పొడుగాటి ఐడీ నంబర్లే. నలుగురూ ఫోన్లలో అంకెలు సరిచూసుకుంటుంటే ఎల్‌ఐసీ ఆఫీసులా ఉంది. ఆ 16 కీలో లేదు, 4 కూడా లేదు. ప్రశ్నే తప్పని కోచింగ్ ఫస్టు తీర్పిచ్చాడు. అభ్యంతరం చెప్పాలంటే ప్రశ్నకి 200 రూపాయలు, తిరిగి రావు. తలా 70 వేసుకుందామన్నారు. రూట్ వాడు ఆ ప్రశ్న అసలు ముట్టుకోలేదని అప్పుడు బయటపడింది. మధ్యాహ్నం షిఫ్టువాడికి సంబంధమే లేదు గనక అడగలేదు. చివరికి మిగతా ఇద్దరే చెరో వందా వేసుకున్నారు.

ఫైనల్ కీలో ఆ ప్రశ్న తీసేశారు. అలా తీసేస్తే, రాసినా రాయకపోయినా ఆ షిఫ్టులో అందరికీ నాలుగేసి మార్కులు. రూట్ వాడు మిఠాయి డబ్బాతో వచ్చాడు. డబ్బు కట్టిన ఇద్దరూ వాణ్ని గుమ్మంలోనే ఆపేస్తే, నాన్నగారు డబ్బా అందుకుని మూత తీశారు.

"యూనియన్‌లోనూ అంతేరా. సందా కట్టినోళ్లు నలుగురే, బోనసు అందరికీ" అంటూ జిలేబీ ఒకటి నోట్లో వేసుకున్నారు.