మరెక్కడా పేర్కొనని సకినాలు

సంక్రాంతి దగ్గరపడుతుంటే హన్మకొండ, కాజీపేట వీధుల్లో కొరియర్ దుకాణాలకు పండగ ముందే వచ్చేస్తుంది. అమెరికా, కెనడా, లండన్, ఆస్ట్రేలియాలకు పచ్చళ్లు, పిండివంటలు పంపుతామని బ్యానర్లు కడతారు. వరంగల్‌కు ఈ గిరాకీ ఉత్తపుణ్యానికి రాలేదు. 1959లో ఇక్కడ ఆర్‌ఈసీ అనే ఇంజనీరింగ్ కాలేజీ పెట్టారు, 2002లో అది ఎన్‌ఐటీ అయింది, చుట్టూ ప్రైవేటు కాలేజీలు మొలిచాయి. పిల్లలు చదువుకుని వీసా మీద పోతారు, మామిడికాయ తొక్కు వెనకాల పార్సిల్లో పోతుంది. పిల్లలకు ఇంటర్వ్యూ ఒకసారి గట్టెక్కితే చాలు. తొక్కుకు మాత్రం పోయినప్పుడల్లా ఇంటర్వ్యూనే.

ఆ ఇంటర్వ్యూ కౌంటర్ దగ్గరే మొదలవుతుంది.

“లోపలేమున్నయమ్మా?”

“సకినాలు బిడ్డా.”

“సకినాలంటే సిస్టం తీసుకోదమ్మా. రైస్ స్నాక్స్ అని రాస్త.”

“నువ్వులు, ఓమ గూడ ఏసిన. అవి గూడ రాయి.”

కుర్రాడు రాయడు. అతనికి కావాల్సింది నువ్వులు కాదు, అంకె. లోకంలో అమ్మే, కొనే ప్రతి వస్తువుకూ ఒక కోడ్ ఉంటుంది. దాన్ని హెచ్‌ఎస్ కోడ్ అంటారు, 1988లో అమల్లోకి వచ్చింది, ఇప్పుడు దాదాపు దేశాలన్నీ ఆ లెక్కనే నడుస్తున్నాయి. అందులో 2001 అనే శీర్షిక కింద వెనిగర్‌లోనో ఎసిటిక్ ఆమ్లంలోనో నిల్వ చేసిన కూరగాయలు, పండ్లు వస్తాయి. మన పచ్చళ్లను మామూలుగా అందులోకే తోస్తారు. ఆవపిండి, ఉప్పు, కారం, నూనె తప్ప జన్మలో వెనిగర్ మొహం చూడని ఆవకాయ, కాగితం మీద వెనిగర్ వంశంలో పుట్టినట్టు లెక్క. ఇక నమ్కీన్, మిక్స్చర్, భుజియా బాపతు సరుకంతా 2106లోకి పోతుంది. ఆ శీర్షికకు అర్థం ‘మరెక్కడా పేర్కొనని, చేర్చని ఆహార తయారీలు’ అని. తెలంగాణలో సకినాలు లేకుండా సంక్రాంతి లేదు, ఆడపిల్ల సారె లేదు. ప్రపంచ వాణిజ్యంలో మాత్రం వాటిది ఏ లెక్కలోకీ రానివాళ్ల వరుస.

అమెరికా వాళ్లు ఇంకో మెట్టు పైకి పోయారు. 2001లో తమ దేశం మీద జరిగిన దాడుల తర్వాత, తిండి ద్వారా ఎవరైనా విషం పంపుతారేమోనన్న భయంతో 2002లో బయోటెర్రరిజం చట్టం చేశారు. దాని ప్రకారం 2003 డిసెంబర్ 12 నుంచి, ఆ దేశంలోకి వచ్చే తిండి పదార్థం దాదాపు ఏదైనా సరే, వస్తున్నట్టు అక్కడి ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏకు ముందుగా కబురు పెట్టాలి. గరిజెలు బయల్దేరాయని వాషింగ్టన్‌కు తెలియాలన్నమాట. అయితే అందులో ఒక దయగల మినహాయింపు ఉంది: ఒక వ్యక్తి తన సొంత ఇంట్లో తయారుచేసి, ఆ వ్యక్తే మరో వ్యక్తికి కానుకగా పంపితే ఈ కబురు అక్కర్లేదు.

ఈ వాక్యం రాసిన పెద్దమనిషి సకినాలు చుట్టడం ఎన్నడూ చూసి ఉండడు. కొత్త బియ్యం రాత్రంతా నానబెట్టి, వడకట్టి, గిర్నిలో పట్టించి, జల్లించి, నువ్వులూ ఓమా కలిపి, తడిపిన పిండి ముందు పెట్టుకుంటారు. పాత తెల్ల పంచె ఒకటి హాలు నిండా పరుస్తారు. అప్పుడు పక్కింటి వదిన వస్తుంది, ఎదురింటి పెద్దమ్మ వస్తుంది, చెయ్యి తిరిగిన ఇంకొకామెను బతిమాలి పిలుచుకొస్తారు. వేళ్ల సందునుంచి పిండి జార్చుతూ చుట్టు మీద చుట్టు వేస్తారు. అవి కాస్త ఆరాక పళ్లెంతో ఎత్తి నూనెలో జారవిడిచేది ఒకరు, తీసేది ఒకరు. ఇందులో చట్టం చెప్పిన ఆ ‘ఒక వ్యక్తి’ ఎవరు? పంచె ఎవరిదో వాళ్లా, పిండి ఎవరిదో వాళ్లా? పోనీ ఈ గొడవంతా ఎందుకని స్వగృహ దుకాణంలో కిలో కొని పంపితే, అది ఇంట్లో చేసింది కాదు కాబట్టి మినహాయింపు వర్తించదు. అవే సకినాలు, అదే రుచి (అత్తగారు ఒప్పుకోకపోవచ్చు), చట్టం మాత్రం వేరు.

కొరియర్ కాదు, సర్కారు తపాలాలోనే పంపుదామంటే అక్కడ సీఎన్ 22, సీఎన్ 23 అనే కస్టమ్స్ పత్రాలు ఉంటాయి. 1874లో పుట్టిన అంతర్జాతీయ తపాలా సమాఖ్యకు అధికార భాష ఫ్రెంచి. కాబట్టి ఈ పత్రాల మీదా ఫ్రెంచి ఉంటుంది. సరుకు విలువ 300 ఎస్‌డీఆర్‌లు దాటితే చిన్న పత్రం పోయి పెద్ద పత్రం వస్తుంది. ఎస్‌డీఆర్ అనేది ఏ బజార్లోనూ చెల్లే పైసా కాదు, అంతర్జాతీయ ద్రవ్యనిధి వాళ్ల లెక్క. ఏనుమాముల మార్కెట్లో చపాట మిర్చి బేరమాడి కొని తొక్కు పెట్టిన అమ్మ, దాని విలువను ద్రవ్యనిధి తూకంలో చెప్పుకోవాలి. “కొడుక్కు పంపే తొక్కుకు ఖరీదేంది?” అని ఆమె అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ గడిలో సున్నా రాస్తే ఒప్పుకోరు, తక్కువ రాస్తే అనుమానం, ఎక్కువ రాస్తే సుంకం.

బరువు సంగతి మరీ విచిత్రం. కొరియర్ వాళ్లు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 40, 40, 30 పెట్టె అయితే 9.6 కిలోలు. లోపల విరగకుండా మెత్తలు పెట్టి సర్దిన సకినాలు 5 కిలోలే ఉన్నా 9.6కే డబ్బు కట్టాలి. మిగతా 4.6 కిలోలూ వరంగల్ గాలి.

కడుపుతో ఉన్న బిడ్డకు ఒడిబియ్యం పంపాలనుకున్న తల్లి కష్టం చెప్పనలవి కాదు. బియ్యం, కుడుకలు లేకుండా ఒడిబియ్యం ఏముంది? కానీ ఖప్రా అనే ధాన్యపు పురుగు భయంతో, మనలాంటి దేశాల నుంచి ఇళ్లవాళ్లు పంపుకునే బియ్యాన్ని అమెరికా 2011లోనే ఆపేసింది. ఆ భయం వట్టిది కాదు. 1953లో ఆ పురుగు కాలిఫోర్నియా గోదాముల్లో బయటపడితే వదిలించుకోవడానికి వాళ్లకు పదేళ్లకు పైగా పట్టింది. ఇక కుడుక సంగతి. విమానాల ప్రమాదకర వస్తువుల పట్టికలో ఎండు కొబ్బరిది 4.2 తరగతి, అంటే తనంతట తానే అంటుకోగల పదార్థం. తెల్ల భాస్వరం కూడా ఆ తరగతిలోనే కూర్చుంది. పసుపు ఒక్కటే మిగిలింది.

పచ్చి కరివేపాకు నిమ్మజాతి తెగులు మోస్తుందని అమెరికా రానివ్వదు. చికెన్ పచ్చడి మాంసం లెక్కలో పడి ఆగిపోతుంది. గల్ఫ్‌కు పంపే మసాలాలో అయితే నవ్వులాట లేదు: గసగసాలు యూఏఈ, సౌదీల్లో నిషిద్ధం, మాదకద్రవ్యాల కింద కేసు పెడతారు. అన్నకు మసాలా పొడి కట్టిచ్చే తమ్ముడు ఈ ఒక్కటీ తప్పక తెలుసుకోవాలి.

ఇవన్నీ కాస్త అలవాటయ్యాయనుకునే లోపు 2025 వచ్చింది. 800 డాలర్లలోపు పార్సిళ్లకు సుంకం లేదన్న వెసులుబాటును ఆగస్టు 29 నుంచి అమెరికా ఎత్తేసింది. మన తపాలా శాఖ 25 నుంచే అక్కడికి చాలావరకు పార్సిళ్లు ఆపింది. ఉత్తరాలు, 100 డాలర్లలోపు కానుకలు పోతాయని మొదట చెప్పారు, కొద్ది రోజులకే అవీ ఆగాయి. మళ్లీ మొదలైంది అక్టోబర్ 15న. సద్దుల బతుకమ్మ, దసరా సరిగ్గా ఆ మధ్యలోనే వచ్చి పోయాయి. ఆ ఏడు మలీద ముద్దలు, సత్తుపిండి తపాలా మొహం చూడలేదు.

నిబంధనలు వద్దని ఎవరూ అనరు. పురుగు నిజం, తెగులు నిజం. కానీ ఆ పత్రం నింపేది ఫ్రెంచి వచ్చినవాళ్లు కాదు, సుబేదారిలోనో మట్టెవాడలోనో ఉండే అమ్మలు, నాన్నలు. ఏ దేశానికి ఏది పోదు, ఎందుకు పోదు అన్నది ఒక్క పేజీలో తెలుగులో అచ్చువేసి, తపాలా శాఖ ప్రతి పార్సిల్ కౌంటర్ దగ్గరా గోడకు అంటించాలి. బియ్యం, కుడుక, గసగసాలు, కరివేపాకు, మాంసం అని అయిదు మాటలు పెద్దక్షరాల్లో రాసినా సగం పెట్టెలు మధ్యలో ఆగవు. అది అంటించేదాకా, పెట్టెకు టేపు వేయకముందే ఈ అయిదూ ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి.