జనాభా సారు

హనుమకొండ పబ్లిక్ గార్డెన్‌లో రోజూ పొద్దున ఆరున్నరకు ఈ దేశంలో ఎంతమంది ఉండాలో తేలిపోతుంది. తేల్చేవారు జనాభా సారు. అసలు పేరు పింఛను కాగితాల మీద ఉంది గానీ గార్డెన్‌లో దానితో ఎవరికీ పని పడలేదు. ఇలాంటాయన ఈయన ఒక్కరే అనుకునేరు. భద్రకాళి బండ్ మీద ఒకరున్నారు, కాజీపేట స్టేషన్ దగ్గరి చాయ్ దుకాణంలో ఇంకొకరున్నారు, పోచమ్మమైదాన్‌లో ఇద్దరున్నారు, ఆ ఇద్దరికీ పడదు. మా కాలనీకి దగ్గర్లో దొరికినాయన ఈయన.

మార్చి దాకా దిగని మంకీ క్యాపు, వెనక్కి కట్టుకున్న చేతుల్లో గొట్టంలా చుట్టిన పేపరు. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఎన్.ఎస్., అంటే నేచురల్ సైన్స్, చెప్పి రిటైరయ్యారు కాబట్టి ఏ సంగతైనా నిర్వచనంతో మొదలుపెట్టి, ఉదాహరణ ఇచ్చి, "అర్థమైందా?" దగ్గర ఆపుతారు. కాలేదంటే మళ్లీ నిర్వచనం నుంచి వస్తారని తెలిసి బెంచీ మీదివాళ్లంతా ముందే తలలూపుతారు.

మొన్నమొన్నటి దాకా ఆయన దృష్టిలో లోకానికి ఒక్కటే జబ్బు. చౌరస్తాలో బండి కదలకపోతే జనాభా. ఎంజీఎం ఆసుపత్రి ఓపీ లైను గేటు దాకా వస్తే జనాభా. ఎనుమాముల మార్కెట్లో మిర్చి ధర పెరిగితే తినేటోళ్లు ఎక్కువైండ్రు, పడితే పండిచ్చేటోళ్లు ఎక్కువైండ్రు. కుటుంబ నియంత్రణను సర్కారీ కార్యక్రమంగా ప్రపంచంలో అందరికన్నా ముందు, 1952లోనే, మొదలుపెట్టిన దేశంలో ఇప్పటికీ ఒక ఆటోలో తొమ్మండుగురు ఎట్లా ఎక్కుతారని ఆయన బాధ. ఆ కార్యక్రమం గుర్తైన ఎర్ర త్రికోణం ఊళ్లలో గోడల మీద వెలిసిపోయింది గానీ సారు నొసటి మీద చెక్కుచెదరలేదు.

అట్లాంటి మనిషి నెత్తిన 2024 అక్టోబరులో పిడుగు పడింది. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఇక పిల్లల్ని ఎక్కువగా కనమన్నారు. ఆ వెంటనే తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్, అదీ సామూహిక వివాహాల వేదిక మీద, పదహారు మందిని కంటే ఏమని చమత్కరించారు. సారు కొన్నాళ్లు వాకింగుకు రాలేదు. వచ్చిననాడు బెంచీ ముందు నిలబడి పేపరు పైకెత్తారు.

"ఇగ కనాలె!"

"ఎవరు సారూ, మనమా?" అన్నాడు రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్. ఆ బెంచీ మీద అందరికన్నా చిన్నవాడికి అరవై ఆరు.

"దేశం సంగతి మాట్లాడుతున్న. 1976ల ఏం జరిగింది? 42వ రాజ్యాంగ సవరణ. లోక్‌సభ సీట్లకు 1971 లెక్కల మీద తాళమేసిండ్రు. మల్ల 2001ల ఆ తాళాన్ని 2026 దాంక పొడిగిచ్చిండ్రు. ఎందుకు? పిల్లల్ని తక్కువ కన్న రాష్ట్రాలకు నష్టం కావొద్దని. ఇప్పుడు తాళం తీసే దినమొచ్చింది. బీహార్ల ఒక్కో ఆడామె సగటున ముగ్గుర్ని కంటాంది. మనకాడ 1.8. అర్థమైందా?"

"ఒక ఫుల్ టికెట్టు, ఒక హాఫ్‌కు మీద కొంచెం" అన్నాడు కండక్టర్.

అంకెల్లో సారు తప్పు పోరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క అదే. జనాభా తరిగిపోకుండా నిలవాలంటే 2.1 కావాలి. సీట్ల భయం కూడా ఆయన ఒక్కరిదే కాదు. హైదరాబాదులో ఏ ఒక్క మాట మీదా కలవని రేవంత్ రెడ్డి, కేటీఆర్ ఇద్దరూ 2025 మార్చిలో లోక్‌సభ సీట్ల పునర్విభజన మీద చెన్నైలో జరిగిన ఒకే సమావేశానికి పోయారంటే దాని వెనుక ఉన్నది ఈ 1.8 భయమే. నా పేచీ లెక్కతో కాదు. మొన్నటిదాకా ఎవరో ఒకరు ఆపాలి, ఇప్పుడు ఎవరో ఒకరు కనాలి. ఆ 'ఎవరో ఒకరు' ఏనాడూ సారు కూర్చున్న బెంచీ మీద ఉండరు.

చరిత్ర కూడా ఆయన ఎటు మొగ్గితే అటే సాక్ష్యం పలుకుతుంది. తక్కువ కనమన్న రోజుల్లో గణపతిదేవుడిని లాక్కొచ్చేవారు. "అంత పెద్ద కాకతీయ చక్రవర్తి! ఇద్దరు బిడ్డలు, రుద్రమ, గణపాంబ. కొడుకు కోసం చూస్తూ కూసున్నడా? బిడ్డకే రాజ్యం ఇచ్చిండు." ఇప్పుడు అదే నోటితో పీవీ నరసింహారావును తెస్తున్నారు. "మన లక్నేపల్లిల పుట్టిన మనిషి. ముగ్గురు కొడుకులు, అయిదుగురు బిడ్డలు. ప్రధానమంత్రి కాలేదా?" ఎనిమిది మంది పిల్లల ఆ పీవీయే రాజీవ్ గాంధీ హయాంలో కుటుంబ సంక్షేమ శాఖను కూడా చూశారనీ, ఆయన ప్రధానిగా ఉన్నప్పుడే, 1992లో, ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు చట్టసభలకు పోటీ చేయకూడదంటూ ఒక రాజ్యాంగ సవరణ బిల్లు రాజ్యసభకు వచ్చిందనీ నేను గుర్తుచేశాను. బిల్లు గట్టెక్కలేదు. గట్టెక్కితే సభలో ఎందరు మిగిలేవారో.

"పార్లమెంటుల ఆగింది సర్పంచ్ మీదికొచ్చింది" అన్నారు సారు. అది మాత్రం నిజం. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరు పిల్లల నిబంధన పెట్టింది, అదీ స్థానిక పదవుల వరకే. ఎమ్మెల్యేకు అయిదుగురున్నా పరవాలేకపోయేది, వార్డు మెంబరుకు మూడోది పుడితే పదవికి పనికిరాకుండా పోయేవాడు. నర్సంపేట దిక్కు సారు బామ్మర్ది ఒకాయనకు 1997లో మూడో సంతానం కలిగింది. ఆ పిల్లను మేనమామ రేషన్ కార్డులో ఎక్కించారు. ఊళ్లో అడిగితే "చుట్టాల పిల్ల" అనేవారు. ఆ పిల్ల తండ్రిని నలుగురిలో "మామా" అని పిలవడం నేర్చుకుంది గానీ ఎలక్షన్ నాటికి ఎదుటివాడు పుట్టినరోజు ఫోటో సంపాదించాడు. తెలంగాణ మంత్రివర్గం ఆ నిబంధన ఎత్తేయాలని నిర్ణయించింది ఎప్పుడు? 2025 అక్టోబరులో. బామ్మర్ది ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడట. "ఇప్పుడు తీసేస్తే నాకేం లాభం బావా, పిల్లకు పెండ్లే అయిపాయె."

ఇంతకీ సారు స్వయంగా ఏం చేశారు? ఇది బెంచీ మీద దొరికే సమాచారం కాదు. వాళ్లింట్లో చాయ్ తాగుతుండగా వంటింటి వైపు నుంచి ముక్కముక్కలుగా నాకు చేరింది.

ఎమర్జెన్సీలో ఆయన డిగ్రీ పిల్లగాడు. 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో ఎనభై లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, అందులో ఎక్కువ మగవాళ్లకే. ఊళ్లోకి జీపు వస్తే మగవాళ్లు జొన్న చేన్లలోకి దిగేవారని సారు ఇప్పటికీ నవ్వుతూ చెప్తారు. పెళ్లి కూడా కాని తాను ఎందుకు దిగారో మాత్రం చెప్పరు. ఆ కోపంతో ఉత్తరాది జనం 1977లో ఇందిరను ఓడిస్తే, మన దగ్గర 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. "మనోళ్లకు ఓర్పు ఎక్కువ" అని దాని మీద సారు విశ్లేషణ. ఓర్పు సంగతేమో గానీ, ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ మగవాడి జోలికి పోయే ధైర్యం చేయలేదు. శాఖ పేరులో నియంత్రణ పోయి సంక్షేమం వచ్చింది, కత్తి ఆడవాళ్ల వైపు తిరిగింది. దేశంలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి సుమారు 38 మంది ట్యూబ్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. భర్త చేయించుకున్నది నూటికి ఒకరు కూడా కాదు, వెయ్యికి ముగ్గురు. మగవాడికి ఇప్పుడు చేసేది కోత కూడా లేని పని, చిన్న రంధ్రం, అదే రోజు నడిచి ఇంటికి. ఆడవాళ్లకైతే పొట్ట మీద కోత తప్పదు.

సారుకు ఇదంతా తెలుసు. ఎన్.ఎస్. సారు కదా. రెండో కాన్పు అయ్యాక సారు భార్య అడిగిందట, మీరు చేయించుకోరాదా అని. "నేను సైకిల్ తొక్కాలె, బరువులు ఎత్తాలె" అన్నారట. ఆయన ఎత్తిన బరువు హాజరు రిజిస్టరు. చివరికి ఆపరేషన్ ఆమెకే అయింది. ఇక్కడ ఒక సర్కారీ ముచ్చట చెప్పుకోవాలి. ఆ రోజుల్లో ఇద్దరు ముగ్గురు పిల్లలతో ఆపినందుకు ఉద్యోగికి ఒక ఫ్యామిలీ ప్లానింగ్ ఇంక్రిమెంట్ వచ్చేది. ఆపరేషన్ భార్యకైనా సరే, సర్టిఫికెట్ పెడితే చాలు. సారు పచ్చి బాలింత మంచం పక్కన కూర్చుని, ఆమె లేవకముందే సర్టిఫికెట్ తెచ్చి సర్వీసు రిజిస్టరులో అంటించారు. కుట్లు ఆమెకు, ఇంక్రిమెంటు ఈయనకు. ఇందాకటి కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని మగవాళ్లు నూటికి 35 మంది గర్భనిరోధం ఆడవాళ్ల వ్యవహారం, మగాడు పట్టించుకోనక్కరలేదన్నారు. సారును అడిగితే కాదనే చెప్పేవారు, ఆయన పట్టించుకున్నారు కదా మరి, ఆఫీసు దాకా పోయి.

దానికి ముందు ఆయన చేసిన ఒకే ఒక సాహసం నిరోధ్ కొనడం. 1968లో అది మొదలైనప్పుడు ఒకటి అయిదు పైసలు, కిళ్లీ కొట్లో కూడా దొరకాలని సర్కారు ఆశ. హనుమకొండలో కొంటే ఎవరైనా చూస్తారని సారు సైకిల్ మీద కాజీపేట పోయారు. మందుల షాపులో జనం తగ్గేదాకా అమృతాంజన్ కొన్నారు, విక్స్ కొన్నారు, గ్లూకోజ్ డబ్బా కొన్నారు. ఆఖరికి నోరు తెరిచే సమయానికి లోపల్నుంచి కుర్రవాడు వచ్చి "నమస్తే సార్! ఎయిత్ బి!" అన్నాడు. ఇంట్లో ఆ గ్లూకోజ్ ఎండాకాలం అంతా వచ్చింది. వాళ్ల రెండో సంతానానికి కారణం ఆ ఎయిత్ బి పిల్లవాడేనని ఆమె నమ్మకం.

ఇక బడిలో ఆయన పాఠం. హైడ్రా కోరకాన్ని ఆయన బోర్డంతా బొమ్మ వేసి చెప్పేవారు. పత్తి పువ్వులో పరాగ సంపర్కం దగ్గరికి వస్తే ఆయనలో కవి నిద్రలేచేవాడు. కప్ప దాకా ఇబ్బంది లేదు. కప్ప దాటి మనిషి పేజీ రాగానే సుద్దముక్క కింద పెట్టి, కిటికీలోంచి వేపచెట్టును చూస్తూ, "ఇది ఇంట్ల చదువుకోండ్రి, పరీక్షల రాదు" అనేవారు. ఒక ఏడాది అది అయిదు మార్కులకు వచ్చింది. 2007లో కౌమార విద్య పుస్తకాల్లో బొమ్మలు చూసి మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ లాంటి రాష్ట్రాలు ఆ కార్యక్రమాన్నే ఆపేసినప్పుడు సారుకు కొత్తగా అనిపించలేదు. పదో తరగతి బి సెక్షన్లో ఆయన ఆ నిషేధాన్ని ఎప్పటినుంచో సొంతంగా అమలు చేస్తున్నారు. ఆయనకు మాత్రం స్వాతి వీక్లీలో సెక్స్ సందేహాలకు డాక్టర్ సమరం జవాబులు కంఠస్థం. పిల్లలు గదిలోకి వస్తే పేజీ తిప్పి సీరియల్ చదివేవారు. ఆ సీరియల్లో హీరోయిన్ పేరు అడిగితే చెప్పలేకపోయేవారు.

మొన్న పదో తరగతి మనవరాలు పుస్తకం పట్టుకొచ్చింది.

"తాతా, వేసెక్టమీ, ట్యూబెక్టమీ రెండిట్ల ఏది సులువు? టీచర్ ఇంట్ల అడిగి రాసుకొని రమ్మన్నది."

సారు పేపరు విప్పారు. "అవన్నీ ఇప్పుడు రావు బిడ్డా."

"ఇంపార్టెంట్ క్వశ్చన్ తాతా."

"అమ్మమ్మను అడుగు."

ఆమె చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండా, రెండూ ఏమిటో, ఎక్కడ కట్టేస్తారో, మగాయన ఆ తర్వాత కూడా మూడు నెలలు ఎందుకు జాగ్రత్తగా ఉండాలో చెప్పింది. "మగోళ్లకే సులువు. అందుకే చేయించుకోరు. గిది రాయకు, మార్కులు పోతయ్." నా ముందర చాయ్ చల్లారిపోయింది. నేను ఎం.ఏ. దాకా చదివినా ఈ పాఠం ఇంత శుభ్రంగా ఎవరూ చెప్పగా వినలేదు. సారు పేపరు వెనక ఉన్నారు, పేపరు తలకిందులుగా ఉంది.

ఇప్పుడు ఆయన దక్షిణాది ఉద్యమం ఇంటి దాకా వచ్చింది. డాలస్‌లో ఉన్న కొడుక్కి ఒక్కడే పిల్లవాడు. ఆదివారం వీడియో కాల్‌లో సారు 42వ సవరణ నుంచి మొదలుపెట్టి బీహార్ మీదుగా రెండో మనవడి దగ్గరికి వచ్చారు. కొడుకు ఏదో పనున్నట్టు ఫ్రేములోంచి జారుకున్నాడు. అమెరికాలో పుట్టే పిల్లవాడికి తెలంగాణ సీట్లతో ఏం సంబంధమని అడగబోయి, కోడలి ముఖం చూసి ఊరుకున్నాను.

"కందాం మామయ్యా" అన్నదామె. "నాకు మూడు నెలలే లీవు. తర్వాత ఎవరు చూస్తరు? మీరొచ్చి ఆరు నెలలుంటరా?"

"మీ అత్తమ్మ వస్తది" అన్నారు సారు, క్షణం ఆలోచించకుండా.

వంటింట్లో కుక్కర్ కూత ఆగింది. మొదటి మనవడప్పుడు ఆమె వెళ్లింది. ఆరు నెలలు కారం పొళ్లు దంచి, పిల్లవాడికి నూనె పెట్టి, ఇంటికి వచ్చాక మోకాలికి పట్టీ వేసుకుంది. గరిటె పట్టుకునే వచ్చి ఫోన్ ముందర నిలబడింది.

"నా పాస్‌పోర్టు పోయినేడే అయిపోయింది బిడ్డా, నేను మల్ల చేయించుకోలే. మీ మామయ్యది ఇంకా నాలుగేండ్లున్నది. అప్పటి ఇంక్రిమెంట్ పైసలు కూడా ఆయన కాడనే ఉన్నయి, టికెట్ బుక్ చెయ్యి."