ఏడు పేర్లు

నెలలో మొదటి ఆదివారం మా గుడిలో ప్రభురాత్రి భోజన సంస్కారం. మేం గుంటూరు లూథరన్లం. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టిన తర్వాత ఏ తరంలో మొదలైందో గానీ, మా ఇంట్లో ఆ ఆదివారానికి ఒక పద్ధతుంది. శనివారం సాయంత్రానికల్లా తెల్లపంచె ఇస్త్రీ అయిపోవాలి. టీవీ కట్టేయాలి. పెద్దవాళ్ళు రాత్రి భోజనం మానాలి. దీన్నే ఆయత్తపడటం అంటాం. ఆయత్తపడకుండా ప్రభువు బల్ల దగ్గరికి వెళ్తే ఏమవుతుందో కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయంలో ఉంది. చిన్నప్పుడు మా నాన్న అది చదువుతుంటే నాకు వేళ్ళు చల్లబడేవి.

ఉపవాసం మంచి క్రమశిక్షణే గానీ అసలు యోగ్యత విశ్వాసంలో ఉందని 1529 నాటి చిన్న కాటికిజంలో లూథరు రాశాడు. నేను మొదటి సగం దగ్గర ఆగేవాణ్ణి. రెండో సగానికి ఇస్త్రీ పెట్టె పనికిరాదు కదా.

కిందటి నెల మాత్రం ఈసారి గట్టిగా ఆయత్తపడాలనుకున్నాను. శనివారం రాత్రి గది తలుపేసుకుని మత్తయి సువార్త అయిదో అధ్యాయం తీశాను. బలిపీఠం దగ్గర కానుక పెట్టి, ముందు వెళ్ళి సహోదరుడితో సమాధానపడి రమ్మన్న మాట మాకు చిన్నప్పటి నుంచీ కంఠతా. చదవక్కర్లేదు. కాగితం తీసుకుని, పైన పెద్దక్షరాలతో ‘నేను క్షమించినవారు’ అని రాసి, కింద గీత గీశాను.

మొదటివాడు హార్మోనియం కుర్రాడు. క్రిస్మస్ రోజు నేను కీర్తన ఎత్తుకుంటుంటే కావాలని శ్రుతి పైకి పెట్టాడు. రెండు, పక్కింటి మాస్టారు. నన్నడక్కుండా నా వేపకొమ్మ కొట్టించాడు. మూడు, మా వియ్యంకుడు. అమ్మాయి పెళ్ళి అంత ఘనంగా చేస్తే సాంబారుకు వంక పెట్టాడు. నాలుగు, మా పాస్టరు అయ్యగారే. నా అరవయ్యో పుట్టినరోజు కూడికకు వచ్చి ఏడు నిమిషాల్లో ప్రార్థన ముగించేశారు. (గడియారం చూశాను కాబట్టి చెబుతున్నాను.) అయిదు, సంఘ కార్యదర్శి. కమిటీ ఎన్నికల్లో నాకే ఓటన్నాడు, వెయ్యలేదు. మిగతా ఇద్దరి సంగతి ఇప్పుడెందుకు, క్షమించేశాను కదా.

మధ్యలో మా చెల్లి రెండుసార్లు ఫోన్ చేసింది. ఆయత్తపడే వేళ లోకపు మాటలెందుకని ఎత్తలేదు.

ఒక్కో పేరూ చదివి, కళ్ళు మూసుకుని క్షమించాను. పదిన్నరకల్లా గుండె దూదిపింజలా అయిపోయింది. ఆ కాగితాన్నీ, మర్నాడు కృతజ్ఞత కానుకకని తీసిన అయిదొందల నోటునూ మడిచి బైబిల్లో అదే పేజీలో పెట్టి పడుకున్నాను.

ఆదివారం గుడి నిండిపోయింది. రెండో కీర్తన అవుతుండగా కానుక సంచి వచ్చింది. బైబిల్లోంచి మడత తీసి, పేరు రాసి ఉంచుకున్న కవర్లో పెట్టి వేశాను. కాసేపటికి కార్యదర్శి మైకు ముందుకొచ్చి కవర్లు విప్పసాగాడు. ఫలానావారి మనవరాలి పుట్టినరోజు, రెండొందలు. ఫలానావారి అబ్బాయికి ఉద్యోగం, వెయ్యి. నా పేరు చదివాడు. నేను కొంచెం నిటారుగా కూర్చున్నాను.

“ఇందులో చీటీ ఉంది. ప్రార్థన మనవి అనుకుంటా” అన్నాడు. అని, మైకులోనే చదివాడు. “నేను క్షమించినవారు.”

చాపల మీద నుంచి ఒక ముసలమ్మ “ఆమెన్” అంది.

“ఒకటి, హార్మోనియం కుర్రాడు, శ్రుతి విషయమై...” అలవాటుగా చదువుకుపోయాడు. మాస్టారు పక్క వరసలోంచి నా వైపు తిరిగారు. సాంబారు దగ్గర ఎవరో నవ్వారు. ఏడు నిమిషాల దగ్గర అయ్యగారు చేతిగడియారం వైపు చూసుకున్నారు. అయిదో పేరు రాగానే మైకు ఆగిపోయింది. కరెంటు పోలేదు.

నేను తల వంచుకుని బయటికొచ్చి, చెప్పుల దగ్గర నిలబడ్డాను. వెనకాలే మా చెల్లి వచ్చింది.

“నా పేరూ వస్తుందేమోనని హడలిపోయాను అన్నయ్యా.”

“నీ పేరెందుకుంటుందమ్మా? నిన్ను క్షమించడానికి నువ్వు నాకేం చేశావని?”

“అదే. నేనేం చెయ్యలేదు.” చెయ్యి చాపింది. “ఏదీ, ఆ వచనం ఒకసారి చూడనీ.”

బైబిలు ఇచ్చాను. మత్తయి అయిదు, 23వ వచనం మీద వేలు పెట్టింది. “నీకు ఎవరి మీద కోపముందో వాళ్ళ సంగతి కాదు ఇక్కడ రాసింది. నీ మీద ఎవరికి బాధ ఉందో వాళ్ళ దగ్గరికి వెళ్ళమన్నాడు. రాత్రి రెండుసార్లు ఫోన్ చేశాను. పిల్లాడి కాలేజీ ఫీజుకు రేపే ఆఖరు.”

“ఆయత్తపడుతున్నానమ్మా...”

ఆ పేజీలో అయిదొందల నోటు ఉంది. చెల్లి దాన్ని తీసి, మడత విప్పి చూసి, తన సంచిలో పెట్టుకుంది.

“అమ్మాయి పెళ్ళికి నా దగ్గర తీసుకున్న రెండు లక్షల్లో ఇది జమ వేసుకుంటున్నాను. ఇంకా లక్షా తొంభై తొమ్మిది వేల అయిదొందలు, అన్నయ్యా” అని, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది.