ఘాటే కొలమానం

నారాయణఖేడ్ ఇళ్లలో శుభ్రతను కొలిచే పరికరం ఇప్పటికీ ముక్కే. బండలు తుడిచాక ఫినాయిల్ వాసన వాకిలి దాకా రాకపోతే పని సగమే అయినట్టు లెక్క. ఈ పరికరానికున్న లోపం ఒక్కటే: ఒకే వాసన కాసేపు పీలిస్తే అది మొద్దుబారిపోతుంది గనుక, ఘాటు తగ్గిందనుకుని మరో మూతెడు ఒలకబోయడం ఆనవాయితీ అయింది. వ్యాపారికి ఇంతకన్నా నమ్మకమైన ఏజెంటు దొరకడు.

సీసా మీది లెక్క మాత్రం పక్కా. 99.9 శాతం క్రిములు చస్తాయని, అంటే పది లక్షల్లో వెయ్యి మిగులుతాయని, అంత కచ్చితంగా చెప్పగల శాస్త్రం, బాత్రూంలో గొంతుక్కూర్చుని రుద్దే ఇల్లాలి ఊపిరిలోకి ఎంత పోయిందనే దగ్గర మౌనవ్రతం పడుతుంది.

కొలిచే సాధనం లేకపోలేదు. నడుముకు చిన్న పంపు కట్టి, దాని గొట్టం కొసను ముక్కుకు సుమారు 30 సెంటీమీటర్లలోపు, అంటే పైటకు పిన్ను పెట్టే చోట తగిలిస్తే, పీల్చే గాలిలోని రసాయనాన్ని గొట్టంలోని పదార్థం పట్టి ఉంచుతుంది. దీన్నే వ్యక్తిగత నమూనా సేకరణ అంటారు. గది మూలన పెట్టిన యంత్రం గది సగటునే చూపుతుంది, బకెట్టుపై వంగిన ముఖానికి అందే మోతాదు దానికి తెలియదు. దేశం 2009లో పరిసర గాలికి ప్రమాణాలు పెట్టిన 12 కాలుష్యకాల్లో, బ్లీచింగ్ పౌడర్ నుంచి వచ్చే క్లోరిన్ లేదు. 1948 నాటి కర్మాగారాల చట్టం కార్మికుడి ఊపిరికి హద్దు గీసి, ఇంటి గడప దగ్గర ఆగిపోయింది. షిఫ్టే లేని ఇల్లాలికి హద్దెందుకని కాబోలు.

నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరు వేలకు పైగా మందిని సుమారు 20 ఏళ్లు గమనించి, ఇల్లు శుభ్రం చేసే స్త్రీలలో ఊపిరితిత్తుల సామర్థ్యం చేయనివారికన్నా వేగంగా తగ్గిందని 2018లో ప్రకటించారు. మగవారిలో ఆ తేడా కనబడలేదు. నారాయణఖేడ్‌లోనైతే ఆ భాగానికి పరిశోధన ఖర్చే మిగిలేది.

పండగ ముందు బ్లీచింగ్ పౌడర్ చల్లిన షాబాదు బండల మీదే యాసిడ్ కూడా పోస్తారు. బండ బుసబుసా నురగ కక్కితే మురికి వదులుతోందని సంబరం. నిజానికి కరిగేది సున్నపురాయి బండే. పౌడరూ యాసిడూ కలిసి పుట్టించేది క్లోరిన్, 1915లో ఈప్ర్ రణరంగంలో జర్మన్ సైన్యం వదిలిన వాయువే. కళ్లు మండి, దగ్గుతో ఇల్లాలు బయటికి ఉరికొస్తే, అరుగు మీది పెద్దమనిషి తీర్పు తయారుగా ఉంటుంది: "ఈసారి గట్టి మందే తెచ్చిన."