అయిదింటికి గుడి మూత

ఈ దేశంలో కులం, మతం, డబ్బు చూడని మహానుభావుడు ఎవరయ్యా అంటే అడ్మిషన్ల పోర్టల్. దాని కంటికి అందరూ సమానమే. అయిదంటే అయిదే. బ్యాంకు మేనేజరు కొడుకైనా, దినకూలీ కొడుకైనా మొహం మీదే తలుపేస్తుంది. మేనేజరు కొడుకు అప్పటికే లోపలుంటాడనుకోండి, అది వేరే సంగతి.

2024 జూన్ 24న ఆ తలుపు దగ్గర జరిగిన ముచ్చట వినండి. ఉత్తరప్రదేశ్‌లో ముజఫర్‌నగర్ జిల్లా. ఓ పల్లెటూరి దళిత కుర్రాడికి ధన్‌బాద్ ఐఐటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ సీటొచ్చింది. దాన్ని ఖాయం చేసుకోవాలంటే నాలుగు రోజుల్లో 17,500 రూపాయలు కట్టాలి. తండ్రి కూలి రోజుకు 450. ఏముంది, ఇంటిల్లిపాదీ పస్తులుండి, ఒక్కరోజు నాగా పెట్టకుండా 39 రోజులు పనికెళితే చాలు! నాలుగు రోజుల్లో 39 రోజులు ఎలా పనిచేయాలంటారా? కాలం-పని లెక్కలు బడిలోనే చెప్పారు కదా.

అప్పిస్తానన్న పెద్దమనిషి ఆఖరి ఘడియలో చేతులెత్తేశాడు. ఊళ్లో వాళ్లనీ వీళ్లనీ అడిగి, పోగుచేసి, అన్న ఖాతాలో వేసేసరికి నాలుగు ముప్పావు. కాగితాలు ఎక్కిస్తున్నారు... ఎక్కిస్తున్నారు... అయిదు. డబ్బు ఖాతాలోనే ఉంది, గుడి మూసేశారు. ఐఐటీ ప్రవేశ పరీక్షలో కుర్రాడికి అది రెండో ప్రయత్నం. మూడోది రాయనివ్వరు.

అక్కణ్నుంచి మొదలైంది అప్పీలు యాత్ర. ఊరు యూపీలో, సీటు జార్ఖండ్‌లో, ఆ ఏడు పరీక్ష పెట్టింది మద్రాసు ఐఐటీ. ఎస్సీ కమిషన్ మావల్ల కాదంది. జార్ఖండ్ న్యాయసేవల సంస్థ మద్రాసు హైకోర్టు దారి చూపింది. అక్కణ్నుంచి ఢిల్లీ. పదిహేడు వేలు పుట్టనివాడు ఇన్ని ఊళ్లు ఎలా తిరిగాడని అడక్కండి. మన దగ్గర పేదరికం నిరూపించుకోవాలన్నా చేతిలో నాలుగు డబ్బులుండాలి.

సుప్రీంకోర్టులో ఐఐటీ సీట్లు పంచే అవతలి పక్షం వాదన బంగారుపళ్లెంలో పెట్టాల్సిందే. కుర్రాడు మధ్యాహ్నం మూడింటికే లాగిన్ అయ్యాడట! కట్టమని ఎస్సెమ్మెస్‌లూ వాట్సాప్ సందేశాలూ పంపి గుర్తు కూడా చేశారట! నిజమే మరి. అప్పు కోసం గడపగడపా తిరుగుతున్న తండ్రి, ఫీజు సంగతి మరిచిపోయాడు పాపం.

సెప్టెంబర్ 30న, అంటే తలుపు పడిన 98వ రోజున, అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ ధర్మాసనం రాజ్యాంగం తనకిచ్చిన ప్రత్యేకాధికారం, 142వ అధికరణం బయటికి తీసింది. ఇంకెవరి సీటూ కదపకుండా ఈ కుర్రాడికి అదనంగా ఒకటి వేయమంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటాం కదా, ఇది పిచ్చుక కోసం వేసిన బ్రహ్మాస్త్రం. 2021లోనూ ఇంతే. బొంబాయి ఐఐటీ సీటొచ్చిన మరో దళిత విద్యార్థి ఫీజు కట్టబోతే కార్డు మొరాయించింది. అప్పుడూ సుప్రీంకోర్టే దిగిరావాల్సి వచ్చింది. మూడేళ్లకో బ్రహ్మాస్త్రం, ఏటా జూన్‌లో ఎన్ని పిచ్చుకలో!

మన తెలుగు రాష్ట్రాలేమీ తక్కువ తినలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ అని ఒక పథకం ఉంది. పిల్లల ఫీజు మేం కడతాం అని సర్కారు మాటిచ్చిందన్నమాట. ఒకప్పుడు ఇళ్ల గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకునేవాళ్లం, గుర్తుందా? ఇప్పుడా రాత ఖజానా తలుపు మీద ఉంది. పార్టీ ఏదైనా చెరపదు. బకాయిల కోసం 2025 నవంబర్‌లో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు ఏకంగా బంద్ పెట్టాయి. మామూలు రోజుల్లో అయితే అవి సర్కారు జోలికి పోవు. చదువైపోయి సర్టిఫికెట్ల కోసం వచ్చిన పిల్ల కౌంటరు ముందు నిలబడితే, “ప్రభుత్వం ఇంకా వెయ్యలేదమ్మా, నువ్వు కట్టేసి తీసుకెళ్లు” అంటారు. పిల్ల ఆలస్యమైతే నిమిషాల లెక్క, ప్రభుత్వం ఆలస్యమైతే ఏళ్ల లెక్క.

కాబట్టి నాదొక చిన్న మనవి. ఖజానాకూ అలాంటి పోర్టలే ఒకటి పెట్టండి. నాలుగు రోజులు గడువు. ఆఖరి రోజు సాయంత్రం అయిదింటిలోగా బకాయి పడకపోతే మంత్రిగారి సీటు రద్దు. అప్పీలుకు మద్రాసు వెళ్లమనండి. వాట్సాప్‌లో గుర్తుచేసే బాధ్యత మాది.