ప్యానెల్ పోయిందండీ!

నాడి పట్టకుండా మరణ ధ్రువపత్రం రాసిచ్చే వైద్యుడు కోయంబత్తూరులో దొరకడు. కంప్యూటర్ మానిటర్లకు మాత్రం అలాంటివారు వీధికొకరు. నల్లబడిన మానిటర్‌ని కౌంటరు మీద పెట్టీపెట్టగానే ప్లగ్గు గుచ్చి, బటన్ నొక్కి, “ప్యానెల్ పోయిందండీ, కొత్తది తీసేసుకోండి” అంటారు. వెనక మూత తీసి చూడరా అంటే “ఇప్పుడొచ్చేవాటికి స్క్రూలెక్కడివి?” అని జాలిగా నవ్వుతారు. మాట నిజమే. చాలావాటికి స్క్రూలు ఒకటో రెండో, మిగతావన్నీ ప్లాస్టిక్ క్లిప్పులే. అంచులోకి పాత ఏటీఎం కార్డు దూర్చి నెమ్మదిగా జరిపితే అవి ఊడి వస్తాయన్న సంగతి మాత్రం నోరుజారి కూడా చెప్పరు.

ఇంకే ఊళ్లో అన్నా పోనీలే అనుకోవచ్చు. కోయంబత్తూరులో ఈ మాట అనడానికి గుండెధైర్యం కావాలి. 1893లో పక్కనే కలంగల్‌లో తెలుగింట పుట్టిన జి.డి. నాయుడు, కుర్రతనంలో ఓ ఇంగ్లీషు అధికారి మోటారుసైకిల్ మీద మనసు పడి, హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో దాన్నే కొన్నాడు. ఊరేగడానికి కాదు. నట్టూ బోల్టూ ఊడదీసి, మళ్లీ బిగించి, లోపల ఏముందో తెలుసుకోవడానికి. ఆయనా, డి. బాలసుందరం నాయుడూ కలిసి 1937లో పీలమేడులో ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. తర్వాత్తర్వాత దేశమంతటికీ పంపుసెట్లు పంపే ఊరైంది ఇది.

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే ఇక్కడి పాత కుటుంబాలకు కండెన్సర్, అదే కెపాసిటర్, కొత్త కాదు. సీలింగ్ ఫ్యాను నీరసంగా తిరిగితే నాయనమ్మే అంటుంది, “ఒరే, కండెన్సర్ మార్చరా!” అని. రెండున్నర మైక్రోఫారడ్ల ఆ డబ్బాకి దగ్గరి చుట్టాలే మానిటర్ పవర్ బోర్డు మీదా నిలబడి ఉంటాయి. ఎలక్ట్రొలైటిక్ రకం. 2000 తర్వాత కొన్నేళ్లపాటు నాసిరకం సరుకు వచ్చిపడి ప్రపంచమంతటా మదర్‌బోర్డుల్నీ మానిటర్లనీ పొట్టన పెట్టుకుంది. పాడైనవాటిలో చాలామటుకు నెత్తిన చదునుగా ఉండాల్సిన అల్యూమినియం టోపీ ఉబ్బుతుంది. కంటికి కనబడే రోగం! మానిటర్ వెలిగి రెండు సెకన్లలో ఆరిపోతుంటే, స్క్రీను మీద టార్చి ఏటవాలుగా వేసి చూడాలి. బొమ్మ మసగ్గా కనిపించిందా, ప్యానెల్ బతికే ఉన్నట్టు. పోయింది వెనక దీపమో, దానికి కరెంటిచ్చే సర్క్యూటో. అద్దం పగిలితే వేరే సంగతి, అప్పుడు దుకాణదారు చెప్పిందే వేదం. మిగతా కేసుల్లో చాలాసార్లు పది, ఇరవై రూపాయల సరుకుకోసం వేల రూపాయల బిల్లు చేతిలో పెడుతున్నారు.

మదురైలో ఇంతకన్నా పెద్ద రిపేరు జరిగింది. ఆ ఊరినేలిన తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహల్‌ని మనవడు చొక్కనాథుడే చాలావరకు ఊడబెరికి తిరుచ్చికి తరలించాడు. మిగిలినదాన్ని 1866–72 మధ్య మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియర్ ప్రభువు బాగుచేయించాడు. అదృష్టవశాత్తూ ఆయన ఏ సర్వీసు సెంటర్‌కీ వెళ్లలేదు. వెళ్లుంటే “ప్యాలెస్ పోయిందండీ” అనేవారు.

అలాగని ఇంటి వీరులకు దండలు వేయనక్కర్లేదు. మానిటర్ నెత్తిన చరిచి బాగుచేశామనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అటకమీది పాత డబ్బా మానిటర్ దించి స్క్రూడ్రైవర్ పెట్టేవాళ్లు మరీ ప్రమాదం. దాని పిక్చర్ ట్యూబులో పాతికవేల వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్గు పీకినా చార్జి నిలిచే ఉంటుంది. పలచటి ఎల్‌సీడీలోనూ కరెంటు లోపలికొచ్చే వైపున్న పెద్ద కెపాసిటర్ 300 వోల్టులు దాచుకుని కూర్చుంటుంది. చెయ్యి పెట్టి చూసేది కాదది.

2021 మార్చి నుంచి ఐరోపా సమాఖ్యలో డిస్‌ప్లే తయారీదారులు విడిభాగాల్ని రిపేరువాళ్లకు కనీసం ఏడేళ్లు అందుబాటులో ఉంచాలి. ఆ జాబితాలో 400 మైక్రోఫారడ్లు దాటిన కెపాసిటర్లకూ చోటు దక్కింది. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో రిపేరు హక్కు పేరిట ఒక పోర్టల్ తెరిచింది. మానిటర్ మూత తెరిచే బాధ్యత మాత్రం ఇంకా పౌరుడి మీదే ఉంది.

కాబట్టి ఈసారి ఎవరైనా “ప్యానెల్ పోయింది” అంటే, పర్సు తీసేముందు మీ కళ్లముందే వెనక మూత తీయమనండి. తీయనంటే మానిటర్ చంకన పెట్టుకుని, పక్క సందులో టీవీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి నడవండి.