పర్యాయపద పాండిత్యము

2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో పదిమందియు చేయి కలిపి తమ తమ ఊళ్ల చరిత్రలను వ్రాయుట శ్లాఘనీయమే. అయినను జగిత్యాల కోటను గూర్చి వ్రాయబూనిన ఉత్సాహవంతుడొకడు, ఎవరిదో గ్రంథము నెదుట బెట్టుకొని, ‘కోట నక్షత్రాకారమున నిర్మింపబడినది’ అను వాక్యమును ‘దుర్గము తారాకృతిలో కట్టబడినది’ అని దిద్ది, స్వీయరచన యని మీసము దువ్వినచో, దానిని చరిత్ర రచన యనవలెనా, నిఘంటు వ్యాయామ మనవలెనా?

కోరుట్ల వ్యాసమున పత్రికలోని పేరాను ఉన్నదున్నట్లు దించి, అడుగున పత్రిక పేరు వేసితిమి గనుక దోషము తీరెనని వాదించు ఘనులును ఉందురు. మూలమును పేర్కొనుట మర్యాదయే గాని అనుమతిపత్రము గాదు!

1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము రచయిత గతించిన పిమ్మట 60 ఏండ్లు హక్కు నిలుచును. సిరిసిల్ల ప్రాంతమందలి హనుమాజీపేటలో పుట్టి 2017లో కీర్తిశేషుడైన సి. నారాయణరెడ్డి రచనలకు 2077 చివరిదాక ఆ రక్షణ కలదు. అంచు మార్చినంత మాత్రమున చీర కొత్తది కాదని సిరిసిల్ల మరమగ్గముల కార్మికుని నడిగినను చెప్పును.

విషయము ఎవరి సొత్తును గాదు. దానిని చెప్పిన వాక్యము మాత్రము వ్రాసినవానిదే. కావున సహరచయితలారా, రెండు మూడు మూలములు చదివి, పుస్తకములు మూసి, బోధపడినదానిని మీ మాటలలో, మీ క్రమములో వ్రాయుడు; మూలముల పేర్లు చెప్పుడు. బోధపడనిచో వ్రాయకుడు, ఊరికి వచ్చిన నష్టమేమియు లేదు.